కిలో నూనె, లీటరు నూనె ఒకటి కాదండీ

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో గోంగూర నిల్వ పచ్చడి వేశారు. చదువుతుంటేనే నోరూరింది. కాగితం కత్తిరించి ఫ్రిజ్ తలుపుకి అంటించుకున్నాను కూడా. అయితే కావలసిన వాటిలో 'నూనె: పావు కిలో (250 మి.లీ.)' అని ఉంది. ఆ బ్రాకెట్ దగ్గర నా కన్ను ఆగిపోయింది. పావు కిలో నూనె 250 మిల్లీలీటర్లు కాదండీ, దాదాపు 275 ఉంటుంది. 250 మిల్లీలీటర్లే పోస్తే తూకానికి 230 గ్రాములు కూడా నిండవు.

పాతిక మిల్లీలీటర్ల నూనె కోసం పత్రికకు ఉత్తరం రాస్తావా అని మా వారు నవ్వారు. ఒక్క సీసా పచ్చడి పెట్టుకునేవాళ్లకు అది నవ్వులాటే. నేను పెట్టేది ఒక్క సీసా కాదు. ఈ బ్రాకెట్ వల్ల ఒకసారి చేతులు కాల్చుకున్నదాన్ని, అందుకే రాస్తున్నాను.

మాది నల్లకుంట. పదకొండేళ్లుగా ఇంట్లోనే పచ్చళ్లు పెట్టి ఆర్డర్ల మీద ఇస్తున్నాను. దుకాణం లేదు, బోర్డు లేదు. తెలిసినవాళ్లు, వాళ్లకు తెలిసినవాళ్లు, అంతే. ఏప్రిల్ నెలాఖరు నుంచి తొలకరి దాకా మా హాల్లో మనిషి కూర్చోవడానికి చోటుండదు, అన్నీ జాడీలే. నాలుగేళ్ల కిందట ఒకేసారి 20 కిలోల ముక్కలకు ఆవకాయ పెట్టాను. కిలో ముక్కలకు అర కిలో నూనె, అదీ నా లెక్క. చీటీలో 'నువ్వుల నూనె 10 కిలోలు' అని రాసి మా అక్క కొడుకు చేతికిచ్చాను. వాడు లీటరు ప్యాకెట్లు పది తెచ్చాడు. నేను లెక్కపెట్టాను, పది ఉన్నాయి. సరిపోయిందనుకున్నాను.

మూడో రోజు తిరగ కలిపినప్పుడు మామూలుగా ముక్కల మీద వేలు మునిగేంత నూనె తేలాలి. తేలలేదు. ముక్కలు పిండిని కప్పుకుని బిగుసుకుని కూర్చున్నాయి. కారం కొత్తది కదా, నూనె పీల్చేసుకుంది, రేపటికి ఊట వస్తుందిలే అని వాసెన కట్టేశాను. రెండు వారాలకు ఒక జాడీ మీద తెల్లగా బూజు. దాని పక్క జాడీ మూత తీస్తే వాసన తేడా. నాకు చేదోడుగా ఉండే అమ్మాయిని తడి గరిటె పెట్టావా అని కేకలేశాను. పాపం, ఆ పిల్ల ఏడ్చుకుంటూ పోయింది. సాయంత్రం ఖాళీ ప్యాకెట్లు చెత్తబుట్టలో వేస్తుంటే ఒకదాని వెనక చిన్న అక్షరాలు కనబడ్డాయి: '1 లీటరు (910 గ్రా.)'. పది ప్యాకెట్లంటే 9 కిలోల 100 గ్రాములు. 900 గ్రాములు తక్కువ పోశాను. అంటే ఇంచుమించు ఒక నిండు ప్యాకెట్ మా ఇంటికి రానేలేదు.

తడి కూడా ఒక కారణం అయి ఉండొచ్చు, కాదనను. కానీ పైన నూనె నిలిచి ఉంటే ముక్కకు గాలి తగలదు, చిన్న తడిని అది కాచేది. మర్నాడు ఆ అమ్మాయి ఇంటికెళ్లి సారీ చెప్పి వచ్చాను. రెండు జాడీల ఆవకాయ పారబోసి, ఆర్డరిచ్చినవాళ్లకు డబ్బులు తిరిగిచ్చాను.

ఈ తికమక ఎక్కడ మొదలవుతుందో నాకు తర్వాత అర్థమైంది. అంతా నీళ్ల పుణ్యం. లీటరు నీళ్లు తూస్తే కిలో. కిలో, లీటరు పుట్టినప్పుడే నీళ్లను పెట్టుకుని లెక్క కుదిర్చారు. చిన్నప్పుడు బళ్లో ఆ ఒక్క ముక్క బుర్రకెక్కుతుంది, ఆపైన పాలూ నూనే తేనే అన్నింటికీ అదే వాడేస్తాం. మరి నూనె నీళ్ల మీద తేలడం రోజూ చూస్తూనే ఉన్నాం కదా! అదే పరిమాణం నీళ్ల కంటే తేలిక కాబట్టే తేలుతోంది. తేనె చుక్క గ్లాసు నీళ్లలో వేస్తే తిన్నగా అడుక్కి పోతుంది. ఏది తేలుతుందో దాని లీటరు కిలోకి తక్కువ, ఏది మునుగుతుందో దాని లీటరు కిలో దాటుతుంది. ఇది తెలియడానికి సైన్సు చదవక్కర్లేదు, గ్లాసులో నీళ్ల మీద నూనె పోసి వెలిగించే దీపం చూసినా చాలు.

ఆ బూజు దెబ్బకి ఒక డిజిటల్ కాటా కొన్నాను. గిన్నె పెట్టి బటన్ నొక్కితే సున్నాకి వచ్చే రకం. గీతలున్న గాజు జగ్గు ఒకటి ఉంది. ఒక మధ్యాహ్నం కూర్చుని ఇంట్లో ఉన్న ద్రవాలన్నీ 200 మి.లీ. గీత దాకా పోసి తూశాను. నీళ్లు 200 గ్రాములు, ఒక గ్రాము అటూ ఇటూ. నువ్వుల నూనె 184. కరిగించిన నెయ్యి 181. పాలు 206. తేనె 283! గ్లాసు తేనె ఎత్తితే చెయ్యి బరువనిపించేది ఇందుకా అనుకున్నాను. సమానంగా పంచదార, నీళ్లు తూచి కరిగించిన పాకం 246. చింతపండు గుజ్జు మాత్రం నన్ను ఓడించింది. ఒకసారి తీసింది 212, ఇంకోసారి తీసింది 224. చిక్కదనం ఎప్పుడూ ఒకలా ఉండదు కాబట్టి దానికి ఒక అంకె అంటూ లేదు, తూచి వేసుకోవాల్సిందే. పెరుగు జోలికి పోలేదు. గడ్డపెరుగు గీత దగ్గర ఎటూ సమంగా నిలవదు.

అప్పటినుంచి కాగితం కలం లేకుండా నాకో మోటు లెక్క ఉంది. నూనె కిలోల్లో చెబితే, అన్ని లీటర్లకు పైన పదో వంతు కలుపుతాను. 10 కిలోలంటే 11 లీటర్లు. లీటర్లలో చెబితే పదో వంతుకు కాస్త తక్కువ తీసేస్తాను. తేనె 100 గ్రాములంటే 70 మిల్లీలీటర్లు. పాల దగ్గర గొడవే లేదు, లీటరుకు 30 గ్రాములు ఎక్కువ, అంతే. పాయసంలో అదెవరికీ తెలియదు. సాంబారులోకీ పప్పుచారులోకీ ఈ లెక్కలన్నీ దండగ. నిల్వ పచ్చళ్లలో, పాకాల్లో, కేకుల్లో మాత్రం తేడా తెలిసిపోతుంది.

మరి మన పెద్దవాళ్లు కాటా లేకుండానే ఏడాదంతా నిలవుండే పచ్చళ్లు ఎలా పెట్టారు? మా అమ్మమ్మది సూర్యాపేట దగ్గర పల్లె. ఆమె దగ్గర ఒక ఇత్తడి తవ్వ ఉండేది, అంచు దగ్గర చిన్న సొట్టతో. తవ్వకి రెండు సోలలు, సోలకి రెండు అరసోలలు, అరసోలకి రెండు గిద్దలు. కారం ఆ తవ్వతోనే, ఉప్పు ఆ తవ్వతోనే, ఆవపిండి ఆ తవ్వతోనే, నూనె కూడా ఆ తవ్వతోనే. ఒక్కటంటే ఒక్కటి కూడా తూకం వేసేది కాదు. ఇంకో ఇంట్లో తవ్వ కాస్త పెద్దదయినా ఆ ఇంటి పచ్చడి చెడలేదు, ఎందుకంటే అన్నీ దాంతోనే కొలిచారు. నేను అన్నీ కిలోల్లో తూస్తే నాదీ చెడదు. చిక్కంతా సగం తూచి, సగం కొలిచి, రెండూ ఒకటేనని అనుకున్నప్పుడే. మీ బ్రాకెట్ చేసింది సరిగ్గా అదే.

అమెరికాలో ఉన్న మా అమ్మాయి ఒకరోజు ఫోన్ చేసి, "అమ్మా, ఇక్కడ కూడా మోసాలే. తేనె సీసా మీద 12 ఔన్సులు అని ఉంది. నా కొలత కప్పు మీద 8 ఔన్సులు అని ఉంది. కప్పున్నర రావాలి కదా, మొత్తం వంచినా ఒక్క కప్పే వచ్చింది" అంది. నాకూ వెంటనే తోచలేదు. కాటా తీసి లెక్క కట్టాక నవ్వొచ్చింది. సీసా మీది ఔన్సు బరువు, కప్పు మీది ఔన్సు కొలత. పేరొకటే, మనుషులు వేరు. 12 ఔన్సుల బరువంటే 340 గ్రాములు. అంత తేనె పట్టే చోటు 240 మిల్లీలీటర్లు, అంటే వాళ్ల కప్పు ఒకటి. సీసావాడు దొంగ కాదు. మనకు నయం, గ్రాముకి ఒక పేరు, మిల్లీలీటరుకి ఇంకో పేరు ఉన్నాయి. ఉండి కూడా కలిపేసుకుంటున్నాం!

ఇక కప్పు. మీ వంటల పేజీలో సగం వంటలు కప్పుల్లోనే ఉంటాయి. మా ఇంట్లో ఇప్పుడు మూడు రకాల కప్పులున్నాయి. రైస్ కుక్కర్‌తో వచ్చిన ప్లాస్టిక్‌ది 180 మి.లీ. అమ్మాయి పంపిన సెట్‌లోది 240. ఇక్కడ కొన్న సెట్‌లోది 250. ఇవి కాక టీ కప్పులు. మా వారు రోజూ సాయంత్రం ఇరానీ ఛాయ్ తాగొచ్చే హోటల్ కప్పులో అయితే మా ఇంటి కప్పులో సగం కూడా పట్టదు. కప్పు నూనె అని మీరు రాస్తే, చదివినవాళ్లలో ఎవరు దేనితో పోస్తారో ఆ దేవుడికే తెలియాలి. స్పూన్లు కాస్త నయం. టీస్పూన్ 5 మి.లీ., టేబుల్ స్పూన్ 15 అని చాలా చోట్ల స్థిరపడింది. అయినా మనం టీలో తిప్పుకునే స్పూనులో సరిగ్గా 5 మి.లీ. పడుతుందని లేదు.

అంగళ్ల సంగతి కూడా రాయాలి. మొన్న చలికాలంలో ఒక గానుగ నూనె కొట్టుకి వెళ్లాను. పేరు రాయను, ఆ ఒక్కడి తప్పని కాదు. బోర్డు మీద 'నువ్వుల నూనె కిలో 400' అని ఉంది. అయిదు కిలోలు ఇమ్మంటే లీటరు నీళ్ల సీసాలు అయిదు మెడ దాకా నింపి ఇచ్చాడు. ఇంటికొచ్చి ఖాళీ సీసా బరువు తీసేసి తూస్తే ఒక్కోటి 925 గ్రాములు. సీసాకి 75 గ్రాములు తక్కువ, అంటే 30 రూపాయలు. అయిదింటికి 150. మర్నాడు వెళ్లి అడిగాను. అతను ఏమాత్రం కోపం లేకుండా, "అమ్మా, కిలో అన్నా లీటర్ అన్నా ఒక్కటే గదమ్మా. ఎప్పట్నుంచో అందరికీ గట్లనే ఇస్తున్నం" అన్నాడు. నిజంగానే ఒకటే అనుకుంటున్నాడు. నేను ఒక సీసా అతని కాటా మీదే పెట్టించాను. అంకె చూసి కాసేపు తల గోక్కున్నాడు. తర్వాత బోర్డు మీద 'కిలో' చెరిపేసి 'లీటర్' అని రాసుకున్నాడు. ధర మాత్రం తగ్గించలేదు! నా 150 నాకు నూనెగా పోసిచ్చాడు, అంతవరకు మంచివాడే.

బేగంబజారులో పెద్ద డబ్బాలు కొనేటప్పుడు కూడా కాస్త వంగి చదవాలి. 15 కిలోల డబ్బా, 15 లీటర్ల డబ్బా పక్కపక్కనే ఉంటాయి, దూరం నుంచి ఒకేలా కనిపిస్తాయి. 15 లీటర్లది తూస్తే సుమారు 13 కిలోల 650 గ్రాములే. ధర తక్కువని సంబరపడి తెచ్చుకుంటే కిలో పైన తేడా. ఇందులో మోసమేమీ లేదు, డబ్బా మీద రాసే ఉంటుంది. మనమే చదవం.

చదివినా అర్థం కాని కాలం ఒకటి నడిచింది. కొన్ని నూనె ప్యాకెట్ల మీద లీటరు పక్కన ఏదో ఉష్ణోగ్రత వేసేవారు, కొందరయితే 60 డిగ్రీలు అని కూడా. నూనె వేడెక్కితే ఉబ్బుతుంది కదా, 60 డిగ్రీల దగ్గర లీటరు కొలిస్తే అందులో ఉండే సరుకు తక్కువ. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ లెక్క ప్రకారం లీటరు సోయా నూనె 21 డిగ్రీల దగ్గర 919 గ్రాములు, 60 డిగ్రీల దగ్గర 892.6 గ్రాములు. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండలో కూడా హైదరాబాదులో 60 డిగ్రీలు ఎవరు చూశారు? ఆ ఉష్ణోగ్రత మాట తీసేసి, లీటర్లతో పాటు సరైన బరువూ వేయమని ఆ శాఖ 2022 ఆగస్టులో కంపెనీలకు చెప్పింది. 2023 జనవరి 15 దాకా గడువిచ్చింది. కాబట్టి ఇప్పుడు ప్యాకెట్ వెనక రెండు అంకెలూ చూసుకునే వీలుంది. అంత పెద్ద కంపెనీల చేతే రెండూ రాయిస్తున్నారు, వంటల శీర్షికకేం కష్టమండీ?

ఇంకో సంగతి. మా వారికి గుండె జబ్బు వచ్చాక నూనె లెక్కపెట్టి వాడుతున్నాం. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, రోజుకు 2000 కిలో కేలరీలు తినే మనిషికి నూనెలు, కొవ్వులు కలిపి 27 గ్రాములు అని ఉంది. 27 గ్రాములంటే 30 మిల్లీలీటర్లు, అంటే రెండు టేబుల్ స్పూన్లు. ఇంత తేలికగా కుదిరే లెక్క ఇంకోటి నేను చూడలేదు. మా ఇద్దరికీ నెలకు 1620 గ్రాములు, కొలిస్తే లీటరూ ముప్పావు. మా వారు మాత్రం గ్రాములూ మిల్లీలీటర్లూ ఒకటేననుకుని నెలకు 1620 మిల్లీలీటర్లు సీసాలో గీత గీసి పెడతారు. అంటే నెలకు దాదాపు 150 గ్రాములు తక్కువే వాడుతున్నాం. తప్పు లెక్క వల్ల లాభం జరిగింది ఈ ఒక్కచోటే కాబట్టి ఇన్నాళ్లూ ఆయనకు చెప్పలేదు. మీరు ఈ ఉత్తరం వేస్తే తెలిసిపోతుంది, ఏం చేస్తాం.

నేనడిగేది చిన్నదే. మీ పేజీలో వంట రాసి పంపినవాళ్లు నూనెను తూచి ఉంటే గ్రాములనే వేయండి, కొలిచి ఉంటే మిల్లీలీటర్లనే వేయండి. వాళ్లు చేసింది ఏదో అదే ఉంచండి, పక్కన రెండోది మీ డెస్కులో ఎవరో అలవాటు కొద్దీ చేర్చొద్దు. రెండూ వేయాలనిపిస్తే లెక్క కట్టి వేయండి. పేజీ కింద ఒక మూల 'కప్పు అంటే ఇన్ని మిల్లీలీటర్లు' అని ఒక్క లైను ప్రతివారం ఉంటే మాలాంటివాళ్లకు టెన్షన్ తగ్గుతుంది. ఎంత చోటు పడుతుంది, రాశిఫలాల్లో ఒక రాశి అంత కూడా పట్టదు.

చివరగా ఆ గోంగూర పచ్చడి గురించే ఒక సందేహం. అందులో 'చింతపండు గుజ్జు: ఒక కప్పు' అని ఉంది. ఏ కప్పు? గుజ్జు ఎంత చిక్కగా? రాసినావిడను అడిగి, ఎంత చింతపండు నానబెట్టారో గ్రాముల్లో చెబితే చాలు, మిగతాది నేను చూసుకుంటాను. ఈ ఆదివారం సంచికలోనే వేయగలిగితే మేలు. పది కట్టల గోంగూర ఒలిచి, కడిగి, పాత చీర మీద ఆరబోసి ఉంది, ఫ్యాను కింద.

ఇట్లు
ఒక పాఠకురాలు,
నల్లకుంట, హైదరాబాద్